తవ్వొద్దన్న ఈశాన్యం

నా ఉద్యోగం గురించి మనవాళ్లకి చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. మేముండే డల్లాస్ శివారు ఫ్రిస్కోలో ఏ బర్త్‌డే పార్టీకి వెళ్లినా "మీరు ఏ టెక్నాలజీ అండీ?" అని అడుగుతారు. "మట్టి" అంటాను. జోక్ అనుకుని నవ్వేసి, సమోసాల వైపు వెళ్లిపోతారు. నిజంగానే మట్టి. ఇళ్లు కట్టబోయే పొలాల్లోకి ఆ ఇళ్లకంటే ముందు వెళ్లి, వరసగా కందకాలు తవ్వించి, కింద పాతకాలపు ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయేమో చూసే చిన్న కంపెనీలో పని చేస్తాను. మా ఆయన స్నేహితుడు ఒకాయన పక్క ఊరు ప్లేనోలో ఉంటాడు. "అమెరికా వచ్చి ఉపాధి హామీ పని చేస్తున్న మొదటి మనిషివి నువ్వేనమ్మా" అని కనిపించినప్పుడల్లా ఏడిపించేవాడు. ఆయన్ని అన్నయ్యా అంటాను, వాళ్లావిడని వదినా అంటాను. ఆ శరదృతువులో ఆయన ఏడిపించడం మానేశాడు, ఎందుకంటే మేం తవ్వబోయేది ఆయన పొలమే.

ఆయన ఒక్కడిదే కాదు. కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి ఫ్రిస్కోకి ఉత్తరాన కొన్న భూమి అది. మనవాళ్లు నలుగురు కలిస్తే వీసా గురించైనా మాట్లాడతారు, భూమి గురించైనా మాట్లాడతారు. అందులో ఇళ్లు కట్టించాలని వాళ్ల ఆలోచన. పొలం మధ్యలో ఒక వాగు ఉంది. దాన్ని చెరువుగా మార్చాలంటే గవర్నమెంట్ పర్మిట్ కావాలి, పర్మిట్ రావాలంటే ముందు మేం తవ్వి చూసి అక్కడ ఏమీ లేదని రాసివ్వాలి. ఓనర్లు నాకు తెలిసినవాళ్లని మా బాస్‌కి మొదటిరోజే చెప్పాను. ఆయన టెక్సాస్ మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. "కందకంలోకి దిగాక నీకెవరూ తెలియరు, అంతే" అన్నాడు.

ప్లాన్ మీద పొలమంతా చారలు చారలుగా కందకాలు గీశాడు. ఒక మూల మాత్రం ఖాళీగా వదిలేశాడు. ఈశాన్యం మూల. కారణం ఏమిటంటే, ఓనర్లు వసంతకాలంలో అక్కడ భూమిపూజ చేసుకున్నారు. పూజ చేసినచోట యంత్రం దించొద్దని ముందే కోరారు.

"ఇది మీ పద్ధతేనా?" అని బాస్ నన్ను అడిగాడు.

"అవును" అన్నాను.

ఇంకో ఆలోచన నాకు రాలేదు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. పెళ్లిళ్లలో దాని గురించి వాదించి చుట్టాలతో తిట్లు తిన్నదాన్ని. కానీ నమ్మకం లేకపోయినా, కలశం పెట్టినచోట గునపం వేయమంటే నా చెయ్యి కూడా వెనక్కే వస్తుంది.

ఆ పొలం నల్లరేగడి. డల్లాస్ చుట్టూ చాలా మేర అదే నేల. గుంటూరు వైపు మా మేనమామ పత్తి చేలో ఏ మట్టి నా చెప్పుల్ని లాక్కునేదో, ఇక్కడ అదే మట్టి నా బూట్లని లాక్కుంటుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. ఏదీ పెట్టినచోట ఉండనివ్వదు. నెర్రెల్లోంచి పైవి కిందికి జారిపోతాయి, నేల ఉబ్బినప్పుడు కిందివి పైకి వస్తాయి. మామూలు నేలలో ఎప్పుడో గొయ్యి తవ్వి పూడిస్తే ఆ గుర్తు రంగు తేడాతో ఉండిపోతుంది. నల్లరేగడిలో ఆ గుర్తు నలుపులో నలుపుగా కలిసిపోతుంది. కింద సున్నపు నేల తగిలేదాకా వెళ్తేనే, ఆ తెల్లటి దాంట్లోకి దిగిన నల్లటి మచ్చగా బయటపడుతుంది.

పని ఇలా ఉంటుంది. జేసీబీ తన తొట్టితో మట్టిని పల్చటి పొరగా గీకి తీస్తుంది. నేను ఎదురుగా నిలబడి ఆ పొర కిందికే చూస్తుంటాను. రంగు మారితే చెయ్యి ఎత్తుతాను, యంత్రం ఆగుతుంది. అప్పుడు దిగి తాపీతో గీకుతాను. నూటికి తొంభైతొమ్మిదిసార్లు చెట్టు వేరో, ఎలుక కన్నమో అయ్యుంటుంది.

పని మొదలైన మర్నాడే కంచె అవతల రోడ్డు పక్కన ఒక తెల్లకారు ఆగింది. అందులో ఎనభై దాటిన నల్లజాతి ముసలావిడ. మేనకోడలు డ్రైవ్ చేసుకుని తీసుకొచ్చింది. అద్దం దించి నన్ను పిలిచి, ఏం వెతుకుతున్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ తన కథ చెప్పింది. ఇంగ్లీషులో చెప్పినా నాకు ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది.

"మావాళ్లు ఈ పొలంలో పాలికి పత్తి వేసేవాళ్లు. నేను పుట్టకముందు మా అన్న ఒకడు పోయాడు. ఏడాది కూడా నిండలేదు. పత్తి ఏరే రోజులు. పొద్దున పాతిపెట్టి, మధ్యాహ్నం అమ్మ మళ్లీ చేలోకి వెళ్లింది. ఆ చలికాలమే భూస్వామి మావాళ్లని ఇక్కడినుంచి వెళ్లగొట్టాడు. రాయి పెట్టే స్తోమత లేదు. మావాళ్ల పద్ధతి ప్రకారం అమ్మ ఒక గవ్వ పెట్టింది. పెద్ద సముద్రపు గవ్వ, ఎవరో ఇచ్చింది."

"ఎక్కడో చెప్పారా?"

"పెద్ద చెట్టు దగ్గరని చెప్పింది. ఇప్పుడు చూడు, ఒక్క చెట్టైనా ఉందా?"

లేదు. పాత కాగితాల్లో కూడా అక్కడ శ్మశానం ఉన్నట్టు లేదని బాస్ ముందే చూశాడు.

"మా అమ్మ పోయేదాకా ఒక్కటే మాట" అందావిడ. "'వాడిని ఒక్కడినీ వదిలేసి వచ్చాం' అని. జ్వరం వచ్చినా అదే మాట, నిద్రలోనూ అదే మాట. వాడు ఇక్కడ ఉన్నాడా, పక్కన ఎవరైనా ఉన్నారా, అది తెలిస్తే చాలు నాకు. మీరు వెళ్లిపోయాక పెద్ద మిషన్లు వస్తాయి కదా?"

వస్తాయి. మేం ఏమీ లేదని రాస్తే, ఆ వారంలోనే వచ్చి ఎత్తుపల్లాలన్నీ చదును చేస్తాయి. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఎవరి గ్యారేజీ కిందో ఉంటాడు. ఆవిడకి అది చెప్పాల్సిన అవసరం కనిపించలేదు, తల మాత్రం ఊపాను.

ఆ రోజునుంచి నేను గవ్వల కోసం కూడా వెతికాను. లంచ్ టైంలో పొలమంతా నేల చూపులు చూస్తూ తిరిగాను. నత్తగుల్లలు, సీసా పెంకులు, ఒక గాడిదకి వేసిన నాడా దొరికాయి. గవ్వ ముక్క కూడా లేదు. కందకాలు ఒక్కొక్కటే ఖాళీగా ముగుస్తున్నాయి. ముసలావిడ రోజూ వచ్చి కారులోంచే చూస్తోంది. సాయంత్రం నేను ఆ వైపు చూసి తల అడ్డంగా ఊపుతాను, ఆవిడ కారు కదులుతుంది.

అప్పుడే నాకు ఆ పొలమంటే భయం మొదలైంది. పగటి వెలుతురులోనే. కందకం గోడల్లో మట్టి పలకలు ఒకదాని మీద ఒకటి జారి, ఎవరో అరచేత్తో రుద్దినట్టు నున్నగా మెరుస్తుంటాయి. తేమ ఆరుతుంటే వీపు వెనక గోడ టక్కుమంటుంది. మట్టి ఎండటం వల్ల వచ్చే చప్పుడని తెలుసు, ఎన్నో ఏళ్లుగా వింటున్నాను. అయినా ఆ పొలంలో మాత్రం ప్రతిసారీ తిరిగి చూశాను.

ఒకరోజు అన్నం తినడానికి తవ్వని ఆ ఈశాన్యం మూలకి వెళ్లాను. అక్కడ గడ్డి తొక్కుడు పడలేదు, కూర్చోవడానికి బాగుంటుంది. మిగతా పొలమంతా నెర్రెలు వంకరటింకరగా, వల పరిచినట్టు ఉన్నాయి. అక్కడ మాత్రం తిన్నగా వెళ్లి, మూల తిరిగి, మళ్లీ తిన్నగా వెళ్తున్నాయి. పూజ గొయ్యి తవ్వారు కదా, అందుకేమో అనుకున్నాను. పెరుగన్నం బాక్స్ మూత తీసి ఒక నెర్రె మీద పెట్టాను. మూత టిక్కుటిక్కుమని వణికింది. చెయ్యి పెట్టి చూస్తే నెర్రెలోంచి సన్నగా గాలి వస్తోంది, పైగాలి కంటే వెచ్చగా. మట్టిలో పగటి వేడి నిలిచి ఉంటుందని, అది పైకి వస్తుందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, బాక్స్ పట్టుకుని ట్రక్కులోకి పరిగెత్తి, తలుపు లాక్ చేసుకుని తిన్నాను. నన్ను నేను బాగా తిట్టుకున్నాను కూడా.

ఆఖరి కందకం కూడా ఖాళీగా ముగిసిన రోజు సాయంత్రం వదిన వాళ్లింట్లో కార్తీకమాసం సత్యనారాయణ వ్రతం. నాకు వెళ్లాలని లేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా సామాను సర్దేసి వెళ్లాలి, ముసలావిడ ముఖం చూసి ఆ మాట చెప్పాలి. కానీ వ్రతానికి పిలిస్తే వెళ్లకపోవడం మాలో లేదు. గోళ్లలో మట్టితోనే వెళ్లాను.

ప్రసాదం తీసుకుని పూజగదిలో దణ్ణం పెట్టుకోబోతే, లక్ష్మీదేవి పటం ముందు వెండి పళ్లెంలో ఒక గవ్వ కనిపించింది. గుప్పెడంత పెద్దది. ఎండకి వానకి వెలిసి సున్నంలా తెల్లబడింది. పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. దాని నోట్లో నల్లమట్టి గట్టిగా కూరుకుపోయి ఉంది. ఆ మట్టి నాకు తెలుసు. అదే మట్టి నా గోళ్లలోనూ ఉంది.

"వదినా, ఇదెక్కడిది?"

"మన భూమిదే" అంది వదిన మురిసిపోతూ. ఆవిడది కరీంనగర్ వైపు. "భూమిపూజ నాడు గుంత తవ్వుతుంటే గడ్డిల దొరికినయ్. ఒక్కటి కాదు, మస్తు ఉండె. పంతులుగారు చూసి ఎంత మంచిగయ్యిందో అన్నడు. భూమిల శంఖం దొరికితే లక్ష్మి ఉన్నట్టేనట. ఎముక దొరికితేనే శల్యదోషమంట. తలా ఒకటి తెచ్చుకొని దేవుడి దగ్గర పెట్టుకున్నం. రోజూ పూజ చేస్తున్న."

నేను వంగి దాని నోట్లోని మట్టిని గోటితో గీకి చూశాను.

"ఒకటే విచిత్రం" అంది మళ్లీ. "గవ్వ చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం వినపడాలె కదా? ఇందుల ఏమీ వినపడదు. ఎప్పుడు పెట్టుకున్నా, అవతల ఎవరో ఊపిరి బిగపట్టినట్టుంటది."

మట్టి కూరుకుపోతే వినపడదని చెప్పొచ్చు. చెప్పలేదు. సముద్రం అక్కడికి ఐదారు గంటల డ్రైవ్. ఆ నేలలో గవ్వలు వాటంతటవే రావు, ఎవరో పెట్టాలి. పొలం మొత్తంలో మేం తవ్వనిదీ, మావాళ్లు గుర్తులు ఏరుకుని తెచ్చుకున్నదీ ఒకే మూల. శుభమని ఇంటికి తెచ్చుకున్న గవ్వ పైన ఉండేది. దోషమని పంతులుగారు భయపెట్టిన ఎముక సరిగ్గా దాని కిందే ఉండాలి. ఏడాది నిండని పిల్లవాడిని దోషం అనడం తలుచుకుంటే నాకు ఒళ్లు మండింది, కానీ ఆ మాట అన్నవాళ్లకి అక్కడ పిల్లవాడున్నాడని తెలియదు.

వదినని పూజగదిలోనే కూర్చోబెట్టి ముసలావిడ సంగతి అంతా చెప్పాను. ఆవిడ వెండి పళ్లెం వైపు చూసింది.

"అంటే ఇన్ని రోజులు నేను పూజ చేసింది సమాధి మీది దానికా?"

అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. విషయం విని విసుక్కున్నాడు. "చూడమ్మా, అక్కడ తవ్వొద్దని మీ బాస్‌కి ఆల్రెడీ చెప్పాం. పర్మిట్ లేట్ అయితే గ్రూప్‌లో అందరికీ ఎవరు ఆన్సర్ చెప్తారు? గవ్వలు దొరికితే సమాధులున్నట్టేనా? ప్రూఫ్ ఏముంది?"

"తవ్వితేనే కదా ప్రూఫ్" అన్నాను. నా గొంతు పెద్దదైంది, హాల్లో మాటలు ఆగిపోయాయి.

వదిన లేచింది. "పిల్లగాడి మీదికెళ్లి బుల్‌డోజర్ నడిపిచ్చి, ఆ ఇంట్ల గృహప్రవేశం చేస్తవా?" అంది భర్తతో. "నేనైతే అడుగు పెట్టను. తవ్వుండ్రి."

ఆయన ఏదో అనబోయి, హాల్లో వాళ్లంతా వింటున్నారని చూసి, ఆగిపోయాడు. నేను అక్కడినుంచే బాస్‌కి ఫోన్ చేశాను. అంతా విని, ఆయన అన్నయ్యతో మాట్లాడి, తవ్వడానికి సరేననిపించాడు.

మర్నాడు పొద్దున్నే ఈశాన్యం మూలలో తవ్వడం మొదలుపెట్టాం. మంచు ఇంకా విడలేదు. జేసీబీ పొర తర్వాత పొర తీస్తోంది, నేను చూస్తున్నాను. అంతా నలుపే. ఒక చోట పూజ కలశం బయటపడింది, నవధాన్యాలు మొలకెత్తి ఎండిపోయి ఉన్నాయి. దాన్ని చేత్తో తీసి పక్కన పెట్టాను. ఇంకా కిందికి వెళ్లాక నలుపు మాసి, బూడిదరంగై, అక్కడక్కడ సున్నపు తెలుపు తగిలింది. చెయ్యి ఎత్తాను.

దిగి తాపీలతో మొత్తం గీకి నున్నగా చేశాం. ఏమీ కనిపించలేదు. అప్పుడు బాస్ చేతి పంపు ఇచ్చాడు, పత్తికి మందు కొట్టేది ఉంటుందే, అలాంటిదే. తవ్వి పూడ్చిన మట్టి, ముట్టని మట్టి నీళ్లు తాగే తీరు ఒక్కటి కాదు. తడిపి ఆగితే ఒక్కోసారి తేడా తేలుతుంది. నేల మీద మంచు కురిసినట్టుగా నీళ్లు కొట్టి, గట్టు మీద కూర్చుని ఎదురుచూశాను.

వచ్చింది. ముందు ఒక అంచు. తర్వాత ఇంకో అంచు. తడి లోపలికి ఇంకుతుంటే లేత బూడిదరంగు నేలలోంచి నల్లటి నిలువుచదరం నెమ్మదిగా పైకి తేలింది, మనిషి పొడవున. తూర్పు పడమరలుగా. దాని పక్కన మరొకటి. ఆ పక్కన చిన్నది, ఊయల అంత. ఇంకొకటి చిన్నది. కందకం ఆ చివరిదాకా ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. జేసీబీ డ్రైవర్ ఇంజన్ ఆపేసి టోపీ తీశాడు. ఇంతమంది మధ్య కూర్చునేనా నేను మొన్న పెరుగన్నం మూత తీసింది అనుకున్నాను.

ఇంకా కిందికి తవ్వలేదు. పైన గుర్తు దొరికితే అక్కడితో ఆగాలి, లోపలివాళ్లని ముట్టుకోకూడదు. అది మా పనిలో నియమం. అవి సమాధులని తేలితే చాలు, చట్టం ప్రకారం ఆ మూలని ఇక ఎవరూ కదపలేరు.

ముసలావిడ మేనకోడలికి ఫోన్ చేశాను. వస్తున్నాం అంది, కానీ డల్లాస్‌కి అవతల ఎక్కడో ఉన్నారు, దారి పొడవునా ట్రాఫిక్. ఈలోగా మంచు విడిపోయి ఎండ వచ్చింది, గాలి లేచింది. నేల ఆరడం మొదలైంది. మొదట అంచులు పలచబడ్డాయి, చూస్తుండగానే ఒక నిలువుచదరం మాయమైంది. ఫోటోలు తీశాం, కొలతలు తీసుకున్నాం, మా పనికి అవి చాలు. కానీ ఆవిడ ఫోటో చూడటానికి ఎనభై ఏళ్లు ఆగలేదు. నేను మళ్లీ పంపు కొట్టాను. మళ్లీ వచ్చాయి. మళ్లీ వెళ్లాయి. మళ్లీ కొట్టాను. భుజం పడిపోతోంది. పోయినవాళ్లని మాటిమాటికీ లేపుతున్నాననే భయం ఒకవైపు, ఆవిడ వచ్చేసరికి ఎవరూ ఉండరేమోనన్న భయం ఒకవైపు.

అప్పుడు వదిన వచ్చింది. రాత్రి అందరికీ ఫోన్లు చేసి, తెల్లారాక ఫ్రిస్కోలో, కాపెల్‌లో ఇళ్లిళ్లూ తిరిగి గవ్వలన్నీ పోగుచేసుకొచ్చిందట. పెద్ద స్టీలు పళ్లెం నిండా గవ్వలు, అన్నిటికీ పసుపు కుంకుమలు. ఏది ఎక్కడిదో ఇక ఎవరికీ తెలియదు. పళ్లెం గట్టు మీద పెట్టి, బూట్లు విప్పి, వట్టి కాళ్లతో మట్టిలో నిలబడి కిందికి చూసింది. రెండు చేతులూ జోడించింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇగో, ఇటియ్యి. నీ చెయ్యి పడిపోయింది" అని నా దగ్గర్నుంచి పంపు లాక్కుంది.

తెల్లకారు ఈసారి రోడ్డు మీద ఆగలేదు, గేటు దాటి లోపలికి వచ్చింది. ముసలావిడ మేనకోడలి చెయ్యి పట్టుకుని గట్టుదాకా నడిచింది. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటే చూపించాను.

"వీటిలో మీ అన్నది ఏదో నేను చెప్పలేనండీ" అన్నాను. "ఎవరూ చెప్పలేరు."

ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. చాలాసేపు చూసింది. ప్రతి చిన్నదాని పక్కనా ఒక పెద్దది ఉంది. ఎవరి పిల్లలో, ఎవరి తల్లులో, ఎవరో పరాయివాళ్లో తెలియదు. చిన్నది ఏదీ చివర లేదు.

"అమ్మా" అంది ఆవిడ, మాతో కాదు. "వాడు ఒంటరిగా లేడే. చూడు, వాడి చుట్టూ మనుషులున్నారు."

తర్వాత వదిన వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపింది. "ఇక నీళ్లు ఆపేయమ్మా. చూశాను. పడుకోనీ వాళ్లని."

వదినకి ఆవిడ యాస అందలేదు, నా వైపు చూసింది. తెలుగులో చెప్పాను. వదిన పంపు కింద పెట్టేసింది. అందరం గట్టు మీద అలాగే నిలబడ్డాం. ఎండ నేల మీదికి పూర్తిగా వచ్చింది. ముందు చిన్నవి మాయమయ్యాయి. వాటి పక్కనున్న పెద్దవి ఇంకాసేపు ఉండి, ఆ తర్వాత వెళ్లాయి.